కవర్ల పిన్ని జిడ్డు కేసు

"ఈ క్షణం నుంచి ఈ పట్టణంలో నేరమనేది గతించిన చరిత్ర!"

ఈ మాట అన్నది పోలీసు కమిషనరు కాదు. మా వీధి చివర లాండ్రీ నడిపే మావాడు. ఒక చేతిలో ఆవిరి కక్కుతున్న ఇస్త్రీపెట్టె, రెండో చేతిలో ఎవరిదో పైజామా పట్టుకుని, స్టూలెక్కి మరీ అన్నాడు. వెనక గోడ మీద కొత్త బోర్డు తళతళలాడుతోంది. "డేగకన్ను డిటెక్టివ్ ఏజెన్సీ. మరకలూ తీస్తాం, ముసుగులూ తీస్తాం."

"బోర్డు వంకరగా ఉందిరా," అన్నాను.

"అది వంకర కాదు, కోణం. డిటెక్టివులు లోకాన్ని కోణంలోంచే చూస్తారు."

నాది పక్కనే కళ్ళజోళ్ళ దుకాణం. ఈ డేగకన్నుకి ఎడమవైపు మైనస్ ఆరు, కుడివైపు మైనస్ ఆరున్నర. ఆ అద్దాలు అరగదీసి ఇచ్చిన పాపాత్ముణ్ణి నేనే. అవి తీసేస్తే వాడు తన ఇస్త్రీబల్లనే కస్టమరనుకుని "రండి, కూర్చోండి" అంటాడు. అలాంటివాడికి పరిశోధన పిచ్చి ఎలా పట్టిందంటే, ఉతకడానికొచ్చిన బట్టల జేబుల్లో ఏదో ఒకటి దొరుకుతుంది కదా, బస్సు టిక్కెట్లూ, మందుల చీటీలూ, దాంతో లోకం గుట్టంతా తన సబ్బునీళ్ళలోనే ఉందని నమ్మకం కుదిరింది. కాకపోతే జేబులు ఉతికిన తర్వాత చూస్తాడు. అదే వాడి దరిద్రం.

చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అప్పట్నించీ వదిలించుకోలేక చస్తున్నాను. నా దగ్గర చవక ప్లాస్టిక్ ఫ్రేముతో ఒక భూతద్దం మూలపడి ఉంటే, ఏజెన్సీ ప్రారంభోత్సవానికి అదే బహుమతిగా ఇచ్చాను. ఆ భూతద్దం తర్వాత ఎంత పని చేసిందో తెలిస్తే ఇంకొంచెం ఖరీదుది ఇచ్చేవాణ్ణి.

వాడు స్టూలు దిగకముందే మొదటి కేసు గుమ్మంలోకొచ్చి నిలబడింది. కవర్ల పిన్నిగారు!

ఆవిడ గురించి రెండు ముక్కలు చెప్పాలి. పిన్నిగారింట్లో కవరు లేని వస్తువు లేదు. టీవీ రిమోట్‌కి కవరు. బల్లకి కవరు. కుర్చీలకి కవర్లు. మెత్తటి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు చుట్టలు చుట్టలుగా కొనుక్కొచ్చి, కుట్టుమిషను మీద స్వయంగా కుడుతుంది. సోఫా కొని పదకొండేళ్ళయింది గానీ దాని గుడ్డని మనిషన్నవాడు తాకి ఎరగడు. ఎండాకాలం ఆ సోఫా మీద కూర్చుని లేస్తే "చర్ర్" మని శబ్దం వస్తుంది, తొడల చర్మం సగం అక్కడే ఉండిపోతుంది. "వస్తువు కొత్తగా ఉండాలి నాయనా" అంటుంది ఆవిడ. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంటిని కొత్తగా ఉంచడమే ఆవిడ ఉద్యోగం.

"అబ్బాయ్, నా కవర్లు పోతున్నాయి," అంది పిన్నిగారు.

డేగ కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఎన్ని? ఎప్పట్నించి? చివరిసారిగా ఏ దుస్తుల్లో ఉన్నాయి?"

"కవర్లకి దుస్తులేంట్రా?" అన్నాను.

"నువ్వు నోరుముయ్యరా కళ్ళజోడూ."

"మొదట రిమోట్‌ది పోయింది. తర్వాత బల్లది. మొన్న రెండు కుర్చీలవి," అంది పిన్నిగారు. "తలుపులకి తాళాలు భేషుగ్గా ఉన్నాయి. ఇంకేమీ పోలేదు. నా గాజులు బల్లమీదే ఉన్నాయి, వాటిని ముట్టుకోలేదు."

"బంగారం వదిలేసి కవర్లు పట్టుకుపోయాడంటే..." డేగ గొంతు పాతాళంలోకి దిగిపోయింది. "వీడు మామూలు దొంగ కాదు. మేధావి. ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నేనూ, కోడలూ, చిట్టిది. మావాడు దూరం బస్సులు నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు ఊళ్ళో ఉండడు. కోడలు ఏదో ల్యాబులో పని చేస్తుంది."

"చిట్టిది. ఈ వ్యక్తి నడవడిక ఎలాంటిది?"

"నడవడమెక్కడ నాయనా, తొమ్మిదో నెల! ఇంకా పాకుతోంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటుంది."

"సాక్ష్యాలు మింగేసే అలవాటు," అని డేగ నోటుబుక్కులో రాసుకున్నాడు.

పిన్నిగారి చూపు వాడి చేతిలో భూతద్దం మీద పడింది. అంతే, ఆవిడకి ప్రాణం విలవిల్లాడింది. "అయ్యో, దీనికి కవరు లేదేం? గీతలు పడవూ!" అని ఇంటికి పట్టుకుపోయి, గంటలో మెత్తటి కవరు కుట్టి తెచ్చింది. భూతద్దం దాంట్లో ఒత్తుగా, బిగుతుగా ఇమిడిపోయింది. "బయటికి తియ్యకు నాయనా. కవరులోంచే చూసుకో, కనబడుతుంది," అంది. మావాడు ఆ మాటని గురువాక్యంగా పట్టుకుని, దాన్ని ఇస్త్రీపెట్టె పక్కనున్న మేకుకి తగిలించాడు.

వెళ్ళేముందు పిన్నిగారు నా దుకాణం ముందు ఆగింది. మొహం వాడిపోయి ఉంది.

"కోడలిని అడగొచ్చు కదా పిన్నీ?" అన్నాను.

"అడిగితే, 'అవును, నేనే తీశాను, మీ చాదస్తం నాకు నచ్చట్లేదు' అంటే? అప్పుడు నేనేం చెయ్యాలి నాయనా? నా ఇంట్లో నా చేతిపని ఒక్కొక్కటే మాయమైపోతోంది. రేపో మాపో నేనూ అడ్డమైపోతానేమో. ఆ మాట అమ్మాయి నోటివెంట వినేకంటే, దొంగే పట్టుకుపోయాడనుకోవడం మేలు."

ఆ మాటకి నా మనసు కలుక్కుమంది. ఈ కేసు డేగ చేతిలో పడిందే అని ఇంకా భయమేసింది.

పది రోజులపాటు డేగ పరిశోధించాడు. అంటే కవరులోంచి భూతద్దంతో వీధిని చూశాడు. అసలే వాడి చూపు అంతంతమాత్రం, దానికి తోడు కవరు. పోస్టుమ్యాన్‌ని పట్టుకుని "నీ గడ్డం అబద్ధం!" అని లాగాడు. గడ్డం నిజమే. లెంపకాయ కూడా నిజమే.

పదకొండో రోజు పొద్దున్నే నా దుకాణంలోకి దూసుకొచ్చాడు. చేతిలో తడిసి ఆరిన చీటీ ముక్క.

"పిన్నిగారి కోడలి తెల్లకోటు జేబులో! ల్యాబుకి వేసుకెళ్ళే కోటు!"

"ఉతికాక చూశావా?"

"ఉతికాకే. చదువు."

సిరా చాలాభాగం కొట్టుకుపోయింది. మిగిలింది ఇంతే: "ఆదివారం... డి.ఇ.హెచ్.పి... చాలా ఎక్కువ... అత్తయ్య... మెల్లగా తీసెయ్యాలి."

"అర్థమైందా?" అన్నాడు డేగ. "అత్తయ్యని మెల్లగా తీసెయ్యాలి! ఆదివారం!"

"మధ్యలో ఖాళీ ఉంది కదరా. ఈ డి.ఇ.హెచ్.పి. ఏంటి?"

"రాత్రంతా బుర్ర పగలగొట్టుకుంటే తేలింది. డి అంటే దొంగచాటుగా. ఇ అంటే ఎవరికీ చెప్పకుండా. హెచ్ అంటే హత్య. పి అంటే ప్లాను!"

నాకు నవ్వాలో, వాడి నెత్తిన నీళ్ళు పొయ్యాలో తెలియలేదు. "ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు అర్థమేంట్రా?"

"అదే ఆవిడ తెలివి! పద, మారువేషంలో వెళ్తున్నాం."

"ఏం వేషం?"

"ఇస్త్రీవాడి వేషం."

"నువ్వు ఇస్త్రీవాడివే కదరా!"

"అందుకే ఎవడికీ అనుమానం రాదు."

ఆ సాయంత్రం హాంగర్లకి తగిలించిన బట్టలు నా భుజాన పడేసి, నన్ను పిన్నిగారి కిటికీ కిందకి లాక్కెళ్ళాడు. లోపల కోడలు ముక్కుకి మాస్కు, చేతులకి గ్లౌజులు పెట్టుకుని, సోఫా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చిన్న బ్రష్షుతో దుమ్ము ఊడ్చి గాజుసీసాలోకి ఎత్తుతోంది. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతోంది. చిట్టిది పక్కనే బోర్లా పడి, సోఫా కవరు అంచుని చప్పరిస్తోంది. తల్లి మాట ఆపకుండానే దాని నోట్లోంచి కవరు లాగేసింది. అది మళ్ళీ పెట్టుకుంది.

"ఆఁ, దుమ్ము తీశాను. గాజుసీసాలోనే," అంటోంది కోడలు. "పోయినసారి రిపోర్టు చూశావుగా, ఇంట్లో అంతా థాలేటే. కంటికి కనబడదు. కొంచెం కొంచెంగా ఒంట్లోకి పోతూ ఉంటుంది, ఎవరికీ తెలీదు."

డేగ నా మోచెయ్యి పట్టుకుని నొక్కాడు. ఆ నొక్కుడికి మూడు చొక్కాలు కిందపడ్డాయి.

"విన్నావా? 'ఇంట్లో అత్తా లేటే' అంది!"

"అంతా ఏదో లేటే అందిరా. బస్సు లేటేమో."

"పేపర్లో చనిపోయినవాళ్ళ పేరు ముందు ఏం వేస్తారు?"

"లేట్."

"అత్త, లేటు! బతికుండగానే లేటంటోంది! పైగా కొంచెం కొంచెంగా ఒంట్లోకి పంపిస్తోందట, ఎవరికీ తెలియకుండా. సీసాలో విషం కళ్ళారా చూశాం!"

"అది దుమ్మురా."

"విషం దుమ్ము!"

దుమ్మే అని కొట్టిపారేశానే గానీ, వాడన్నది పూర్తిగా తప్పు కాదని నాకప్పుడు తెలీదు.

పిన్నిగారికి ఒక్క ముక్క చెప్పొద్దని వాడి చేత ఒట్టు వేయించుకున్నాను. శనివారం దాకా ఆగాడు. శనివారం ఆవిడ చీరలు తీసుకోవడానికొస్తే ఆగలేక కక్కేశాడు. నేను దుకాణంలోంచి పరిగెత్తుకొచ్చేసరికి ఆవిడ ఇస్త్రీబల్ల పట్టుకుని నిలబడి ఉంది. ఏడవలేదు. అరవలేదు.

"విషమూ గిషమూ నేను నమ్మను నాయనా," అంది. "నా కోడలు చీమక్కూడా హాని చెయ్యదు. కానీ తీసెయ్యాలని రాసుకుంది కదా. అది చాలు. రేపు పొద్దున్నే మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. తీసేదాకా ఎందుకు ఉండాలి?"

ఆవిడ వెళ్ళాక మావాణ్ణి నేను తిట్టిన తిట్లు అచ్చులో వెయ్యడానికి వీల్లేదు. "ఒక సంసారం కూల్చావురా, దౌర్భాగ్యుడా! నీ డిటెక్టివ్ పిచ్చి తగలబడ!" అన్నాను. మొదటిసారిగా వాడు తల దించుకుని, కాలర్ మీద కాలర్ ఇస్త్రీ చేసుకుంటూ పోయాడు. చివరికి "రేపు వెళ్ళి తేల్చేద్దాంరా," అన్నాడు నీరసంగా.

ఆదివారం పొద్దున్న వెళ్ళేసరికి గుమ్మంలో పిన్నిగారి సూట్‌కేసు ఉంది. దానికీ కవరుంది. కోడలు చిట్టిదాన్ని చంకనేసుకుని "అత్తయ్యా, ఏమైందో చెప్పండి, ఎందుకు వెళ్తున్నారు?" అని గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పిన్నిగారు పక్కకి చూస్తోంది.

"ఎవరూ కదలకండి!" అన్నాడు డేగ, అలవాటు ప్రకారం. అన్నాక నాలుక్కరుచుకుని, చీటీ తీసి బల్లమీద పెట్టాడు. "అమ్మా, ఇది మీ కోటు జేబులో దొరికింది. ఇదేంటో మీరే చెప్పేస్తే మేం బతికిపోతాం."

కోడలు చీటీ చూసింది. అత్తగారి మొహం చూసింది. సూట్‌కేసు చూసింది. ఆ అమ్మాయి మొహం పాలిపోయింది.

"అత్తయ్యని తీసెయ్యాలని కాదండీ! కవర్లు! కవర్లు తీసేసింది నేనే. మా ల్యాబులో పని అదే, ప్లాస్టిక్కుల్లో ఏం కలిపారో చూడటం. గట్టి ప్లాస్టిక్‌ని ఇలా మెత్తగా, వంగేలా చెయ్యడానికి ఒక రకం నూనెలాంటి మందు కలుపుతారు. థాలేట్ అంటారు. అందులో ఒకదాని పేరే డి.ఇ.హెచ్.పి. అది లోపల గట్టిగా అతుక్కుని ఉండదు. మెల్లగా బయటికొచ్చి దుమ్ములో కలుస్తుంది. ఆమధ్య ఒక ఆదివారం ఇంట్లో తీసిన దుమ్ములో అది చాలా ఎక్కువుందని రాసుకున్నాను."

"థా... లేటు," అన్నాడు డేగ. నావైపు చూశాడు. నేను వాడివైపు చూడలేదు.

"అయితే విషమేనా?" అన్నాను నేను.

"తినగానే పడిపోయే విషం కాదన్నయ్యా. కొంచెం కొంచెంగా చేరుతుంది. ఒంట్లో హార్మోన్లుంటాయే, వాటి పనిలో వేలు పెడుతుంది. ఎంతలో ఎంత హాని అన్నది ఇంకా తేలుస్తూనే ఉన్నారు. పెద్దవాళ్ళం మనం తట్టుకుంటామేమో. ఇది నేలంతా పాకుతుంది, చేతులు నోట్లో పెట్టుకుంటుంది, సోఫా చప్పరిస్తుంది. దీని ఒంటికి అది చాలా ఎక్కువ. ఊరికే ఎలా చూస్తూ కూర్చోను?"

"మరి ఆ మాట నాతో అనొచ్చుగా!" అంది పిన్నిగారు.

"అన్నానత్తయ్యా. పోయిన నెల 'ఈ కవర్లు మంచివి కావు' అన్నాను. 'అయితే నా కొడుకుని ముప్పై ఏళ్ళు చెడ్డదాంట్లో పెంచానా' అని మీరు ఆ పూట భోజనం చెయ్యలేదు. ఇంక నాకు నోరు రాలేదు."

పిన్నిగారు మెత్తబడలేదు. "నీళ్ళతో తుడిస్తే అద్దంలా మెరిసే వస్తువమ్మా అది. దాంట్లోంచి నూనె కారడమేంటి? నేను తాకని రోజుందా? ఒక్క చుక్క చూడలేదు. నన్ను పొమ్మనలేక చెప్పే కబుర్లివి. చీటీలో ఉన్నది చాలు నాకు."

"చీటీలో మధ్య మాటలు పోయాయి అత్తయ్యా!"

"పోయిన మాటలు ఎవరైనా ఏమైనా చెప్పొచ్చు."

ఇదిగో, ఇక్కడ మా డేగకి జన్మలో మొట్టమొదటి మంచి ఆలోచన వచ్చింది. "సిరా పోయినా పెన్ను నొక్కుడు కాయితం మీద ఉంటుంది! భూతద్దంతో చూద్దాం!" అని జేబులోంచి కవరుతో సహా తీశాడు. కవరులోంచి చూశాడు. "ఏమీ కనబడటంలేదు. పొగమంచు."

"కవరు తియ్యరా ఏబ్రాసీ!" అన్నాను.

వాడు లాగాడు. రాలేదు. ఇంకా గట్టిగా లాగాడు. రాలేదు. నేను కవరు పట్టుకున్నాను, వాడు పిడి పట్టుకున్నాడు, ఇద్దరం కాళ్ళు తన్నిపెట్టి లాగాం. "ఫట్" మని భూతద్దం ఊడొచ్చింది, మావాడు వెల్లకిలా సోఫా మీద పడ్డాడు, చర్ర్ మంది, భూతద్దం ఎగిరి సరిగ్గా చీటీ మీద పడింది.

కవరు నా చేతిలో ఉండిపోయింది. దాని లోపలంతా జిడ్డు. భూతద్దం ఫ్రేము, నేను నున్నగా ఉన్నదాన్ని ఇచ్చాను కదా, కవరు తగిలినచోటల్లా కరిగినట్టు మెత్తబడి, గుంటలు పడి, కవరు ముక్కలు దానికి అంటుకుని ఉన్నాయి.

"ఇదేంట్రా, దీనికి జబ్బు చేసింది?" అన్నాడు డేగ సోఫాలోంచే.

కోడలు గబుక్కున వంగి చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి. "అత్తయ్యా, ఇదే! నేను చెప్పింది ఇదే! కవరులో మందు బయటికొచ్చి ఈ ప్లాస్టిక్‌లోకి ఎక్కేసింది, అందుకే మెత్తబడిపోయింది. అన్నయ్యా, దీన్ని ఎక్కడ పెట్టారు?"

"ఇస్త్రీపెట్టె పక్కన. పదిహేను రోజులుగా."

"వేడికి ఇంకా తొందరగా కారింది!"

పిన్నిగారు కవరు అందుకుంది. లోపల వేలు పెట్టి రాసింది. వేలూ బొటనవేలూ కలిపి జిడ్డు చూసుకుంది. తను కుట్టిన కవరు. తన చేతి కుట్టు. తర్వాత బల్లమీదకి వంగింది. అక్కడ చీటీ మీద భూతద్దం పడి ఉంది కదా, మొదటిసారి కవరు లేకుండా. ఆవిడ అద్దాన్ని కొంచెం పైకెత్తి, సిరా పోయిన చోట నొక్కుడు గుర్తుల్ని కూడబలుక్కుంటూ చదివింది.

"అత్తయ్య... బా... ధ... ప... డ... కుం... డా..."

"కవర్లు మెల్లగా తీసెయ్యాలి," అని కోడలు పూర్తి చేసింది. అంతలోనే ఏడ్చేసింది.

పిన్నిగారు భూతద్దం పక్కన పెట్టింది. "పిచ్చిమొహమా," అంది. "అడక్కుండా తీస్తే బాధ ఉండదనుకున్నావా? చెప్పి తీస్తే ఒక్కపూట భోజనం మానేసేదాన్ని. చెప్పకపోతే ఇల్లే మానేద్దామనుకున్నాను."

అప్పుడే చిట్టిది తల్లి చంకలోంచి జారి, బరబరా పాక్కుంటూ వెళ్ళి, సోఫా కవరు మూల పట్టుకుని నోట్లో పెట్టుకుంది. పిన్నిగారు ఒక్క ఉదుటున దాన్నెత్తి నా చేతిలో పెట్టింది. కుట్టుమిషను సొరుగులోంచి కత్తెర తీసింది. "లే నాయనా," అని డేగని లేపి, తను పదకొండేళ్ళ కిందట కుట్టిన కవరుని ఈ చివర్నుంచి ఆ చివరకి సర్రున కోసేసింది.

లోపల సోఫా గుడ్డ నెమలికంఠం రంగులో మెరిసిపోతోంది. కొట్లోంచి ఇప్పుడే తెచ్చినట్టుంది.

"దీని రంగు ఇదా!" అంది పిన్నిగారు. "షాపులో ఈ రంగు చూసే కదూ ముచ్చటపడి కొన్నాను. మర్చిపోయాను." అరచేత్తో నిమిరింది. జంకుతూ జంకుతూ అంచున కూర్చుంది. చర్ర్ అనలేదు. చిట్టిదాన్ని నా దగ్గర్నుంచి లాక్కుని పక్కన కూర్చోబెట్టుకుంది. అది కూర్చున్న మరుక్షణం ముందుకి వంగి నెమలికంఠం మీద ఇంత చొంగ కార్చింది.

అందరం ఊపిరి బిగబట్టాం. పిన్నిగారు నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచి, "పోనీ, గుడ్డే కదా. ఉతుక్కోవచ్చు," అంది.

"మరకలూ తీస్తాం!" అన్నాడు డేగ, ప్రాణం లేచొచ్చినట్టు.

"గట్టి ప్లాస్టిక్ డబ్బాలూ అవీ పారేస్తావా అమ్మా?" అని అడుగుతోంది పిన్నిగారు కోడలిని.

"అన్నీ అక్కర్లేదత్తయ్యా. మెత్తగా వంగేవే ముందు. వేడివేడివి వాటిలో పెట్టొద్దు, అంతే. నేల తడిగుడ్డతో తుడుచుకుందాం. దీని చేతులు కడుగుతూ ఉందాం."

"కవర్లు మాత్రం మానను. నూలుగుడ్డతో కుడతాను. ఊరికే కూర్చుంటే నాకు తోచదు."

"ఈ కేసు ఛేదించడంలో నా పద్ధతి ఏమిటంటే..." అని మొదలెట్టాడు డేగ. నేను కాలు తొక్కాను.

ఫోను మోగింది. కోడలు కళ్ళు తుడుచుకుని ఎత్తింది. అవతల పిన్నిగారి చెల్లెలు, బస్టాండులో ఎదురుచూస్తోందట.

"చిన్నత్తయ్యా, నేనే. ఇంకా బయల్దేరలేదండీ... అవునండీ, అత్తయ్య లేటు."

డేగ ఉలిక్కిపడి గోడకి అతుక్కుపోయాడు.

పిన్నిగారు సోఫాలో ఇంకొంచెం వెనక్కి జరిగి, ఈసారి అంచున కాకుండా నిండుగా కూర్చుంది. మనవరాలి మూతి చీరకొంగుతో తుడిచింది.

"లేటు కాదే," అంది. "అసలు రావట్లేదని చెప్పు."